సంచుల లెక్క

కడియపులంకలో, కాలవగట్టు కింద
నాలుగెకరాల నర్సరీకి లెక్కలు రాసేది నేనే.
పనిని ముక్కలు కోసిందీ నేనే.
సంచి నింపేవాళ్లకి సంచే,
అంటు కట్టేవాళ్లకి అంటే,
పైపు పట్టినవాడికి పైపే.
ఒకే పనికి చెయ్యి తిరిగితే జోరొస్తుందని
స్కేలు పెట్టి ఎర్రసిరాతో గళ్లు గీశాను.

జోరొచ్చింది, అబద్ధం చెప్పను.
కాసులమ్మ రోజుకి తొమ్మిదొందల సంచులు.
గుప్పెడు ఒండ్రు, గుప్పెడు కొబ్బరిపొట్టు,
అరచేత్తో ఒక తట్టు,
మళ్లీ గుప్పెడు.
భద్రంగారు నా భుజం తట్టారు,
కాసులమ్మ సంచిని తట్టినట్టే.

శ్రావణం చివర బయటపడింది.
మూడో మడిలో రెండువేల మామిడంట్లు,
ఏడొందలు నల్లబడి నిలబడ్డాయి.
ఎవరిది తప్పని అడిగాను.
సంచి నిండుగానే ఉందండి, అంది కాసులమ్మ.
టేపు బిగించే చుట్టానండి, అంది నూకరత్నం.
నీళ్లు పొద్దుటే పెట్టేశానండి, అన్నాడు బాలయేసు.
ముగ్గురూ నిజమే చెప్పారు.
చచ్చిన మొక్క మాత్రం ఎవరిదీ కాదు,
నా పుస్తకంలో దానికి గడి లేదు.

ఆ సాయంత్రం లారీకి ఎత్తుతుంటే
పదకొండేళ్లుగా అంట్లు కడుతున్న నూకరత్నం
చీరకొంగుతో చాకు తుడుచుకుంటూ అడిగింది:
"ఇందులో నాయి ఏయ్యోనండి?"
నేను కలం మూత వెతుక్కున్నాను.

మర్నాడు ఎర్రగళ్లు కొట్టేశాను.
నలుగురికో మడి.
మట్టి కలిపిన దగ్గర్నుంచి లారీ ఎక్కేదాకా
ఎవరేం చెయ్యాలో వాళ్లే చూసుకోవాలి.
బతికిన మొక్కకి కూలి మీద ఇంకో రూపాయి.
కొబ్బరిమట్ట ముక్కల మీద పేర్లు రాసి గుచ్చాం.

మొదటి నెల సంచులు సగానికి పడిపోయాయి.
భద్రంగారు కాఫీ ముట్టకుండా వెళ్లిపోయారు.
కాసులమ్మ కట్టిన తొలి అంటు
విరిగిన చేతికి వేసిన కట్టులా ఉంది.
నూకరత్నం ఫక్కున నవ్వి, ఆనక వేలు పట్టుకుని చూపించింది:
"చాకు తొందరపడకూడదు, టేపు ఆలీసం చెయ్యకూడదు."
ఈ మాటకి కూలి ఏ గడిలో రాయను?
బాలయేసు పైపు పక్కన పడేసి
మట్టిలోకి వేలు గుచ్చి చూశాడు,
"ఇవాళ వద్దండి" అన్నాడు.
నీళ్లు పెట్టకపోవడమూ పనేనని
నలభై రెండేళ్లొచ్చాక తెలిసింది నాకు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.
కార్తీకంలో కాసులమ్మ వచ్చి నిలబడింది.
"నా సంచులు నాకిచ్చెయ్యండి బాబూ.
మొక్క నాదంటే రాత్రి నిద్రట్టట్లేదు.
వాన పడితే దాని గురించే, పడకపోతే దాని గురించే.
ఇంట్లో మంచాన పడ్డ మనిషొకడున్నాడు, చాలడా?
సంచులు నింపేటప్పుడు చేతులే పన్చేసేయండి,
నేను ఎక్కడెక్కడికో వెళ్లొచ్చేదాన్ని."

ఆమె సంచులు ఆమెకిచ్చేశాను.
ఒక్కటే అడిగింది:
ఎండ తిరిగినప్పుడు మట్టికుప్పనీ
నీడలోకి తిప్పమని.
గళ్లు గీసిన రోజున ఈ మాట అడగాల్సింది నేను.

ఈ ఏడు మాడినవి నూట అరవై.
సంచులు ఇంకా మునుపటంత లేవు.
రెండంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే
భద్రంగారు ఒకదాన్నే చూశారు,
ఏదో నేనడగలేదు.

బయట లారీ హారన్ కొట్టింది.
నూకరత్నం వంగి
మడిలో మట్ట పీకి, మన్ను దులిపి
మళ్లీ గుచ్చుతోంది,
పేరు రోడ్డువైపుకి తిరిగేలా.